పరగడుపు డాక్టరమ్మ

డాక్టర్ థోరా ఐనార్సన్ ఎవరు ఎదురుపడినా మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఆఖరున ఎప్పుడు తిన్నారు? ఏం తిన్నారు?"

మనవైపు ఎవరైనా "భోజనం అయిందా?" అంటే అది పలకరింపు. అయిందన్నా కాలేదన్నా అడిగినవాళ్లకి పోయేదేమీ ఉండదు. థోరా అడిగితే అది పలకరింపు కాదు, విచారణ. "ఇప్పుడే తిన్నానండీ" అన్నవాళ్ల మీద ఆవిడకి ఆ క్షణమే ఆసక్తి పోయేది. "రాత్రి నుంచి ఏమీ తినలేదు" అన్నవాళ్లు దొరికితే మాత్రం కళ్లు మెరిసిపోయేవి. "అయితే పరగడుపే!" అంటూ గబుక్కున చెయ్యి పట్టుకునేది. ఆ పట్టుకోవడం ఆప్యాయతతో కాదు. నరం ఎక్కడుందో చూసుకోవడానికి.

విన్నిపెగ్‌లో ఒక పెద్దాసుపత్రి నేలమాళిగలో ఆవిడ లాబ్ ఉండేది. తిండి అరగడానికి కడుపూ పేగులూ ఒకదానికొకటి రక్తంలో కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్ల పేరే హార్మోన్లు. వాటిని కొలిచి, ఫలానా మనిషికి ఉన్న జబ్బు ఇదీ, ఇది కాదూ అని తేల్చడం ఆవిడ పని. ఎనభైల మొదట్లో ఆ కొలత నమ్మకంగా చెయ్యగలిగినవాళ్లు దేశం మొత్తంమీద వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. రెండు సముద్రాల ఒడ్డుల నుంచీ మంచుపెట్టెల్లో రక్తం ప్రయాణం చేసి ఆవిడ గుమ్మానికి వచ్చేది. వచ్చిన పెట్టె మీద రోగి పేరు లేకపోయినా సహించేదేమో గాని, ఎప్పుడు తిన్నాడో రాయకపోతే మాత్రం ఆ ఊరి డాక్టరుకి ఆ పూట మూడిందే.

"రక్తం గొట్టం పంపారు సరే. మనిషి ఏం తిన్నాడు?" అని ఫోనులో అరిచేది.

"ఏమో డాక్టర్, అడగలేదు."

"అడగనప్పుడు రక్తం ఎందుకు తీశారు? దోమలున్నాయిగా మీ ఊళ్లో, అవి తీస్తాయి ఆ పని!"

లోర్నా పెల్టియే ఆవిడ దగ్గర పెద్ద టెక్నీషియన్. నదికి అవతల సెయింట్ బోనిఫేస్‌లో ఫ్రెంచివాళ్ల పిల్ల. ఆమెకి ఆ ఉద్యోగం దొరికిన పద్ధతే ఒక వింత. ఇస్త్రీ గౌను వేసుకుని, సర్టిఫికెట్లన్నీ అట్టలో పెట్టుకుని వెళ్లి కూర్చుంది. థోరా సర్టిఫికెట్ల వంక చూడనైనా లేదు.

"ఆఖరున ఎప్పుడు తిన్నావు?"

"నిన్న రాత్రండీ. పొద్దున్న భయంతో ఏమీ దిగలేదు."

"రాత్రి ఏం తిన్నావు?"

"మా అమ్మ చేసిన మాంసం కూరిన రొట్టె."

"పొద్దున్న కాఫీ?"

"లేదు."

"చూయింగ్ గమ్?"

"లేదండీ."

"సిగరెట్?"

"అలవాటు లేదు."

"రేపట్నుంచి వచ్చెయ్. ముందు ఆ గౌను చెయ్యి పైకి మడత పెట్టు."

ఉద్యోగపు కాగితం మీద సంతకం పడేలోపే లోర్నా రక్తం మంచులో పడింది. లాబ్‌కి ఎప్పుడూ ఆరోగ్యవంతుల పరగడుపు రక్తం కావాలి. మామూలు మనిషిలో ఎంత ఉంటుందో తెలియకపోతే జబ్బు మనిషిలో ఎక్కువో తక్కువో ఎలా తేలుతుంది? అందుకని ఆ ఆసుపత్రిలో కాఫీ తాగకుండా ఉద్యోగానికి వచ్చినవాళ్లెవరికీ రక్షణ ఉండేది కాదు. నర్సులు నేలమాళిగ మెట్లు దిగేముందు ఒక బిస్కత్తు నోట్లో వేసుకునేవాళ్లు, ముందు జాగ్రత్తగా.

హార్మోను అనేది ఎంత తక్కువ ఉంటుందంటే, సరస్సులో చిటికెడు ఉప్పు వేసి ఎంత వేశావో చెప్పమన్నట్టు ఉంటుంది ఆ కొలత. అంత తక్కువ ఉన్నదీ నిలకడగా ఉంటుందా అంటే, ఉండదు. రక్తం తీసి వెచ్చగా వదిలేస్తే చూస్తుండగానే కరిగిపోతుంది. అందుకే థోరా ఎప్పుడూ చేతిలో మంచు బాల్చీతో పరుగెత్తేది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఆరడుగుల పొడుగు, తెల్లజుట్టు ముడి ఒక పక్కకి జారిపోయి ఉండేది. వరండాలో మంచుముక్కల గలగల వినిపిస్తే చాలు, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా గోడవారకి తప్పుకునేవాళ్లు. చలికాలంలో ఆవిడకి పండగే. సామాను దించే తలుపు బయట నడుంలోతు మంచు. గొట్టాలు అందులో గుచ్చి, "చూశావా లోర్నా, దేవుడు మన లాబ్ కోసమే ఈ ఊరు కట్టాడు" అనేది.

ఒకసారి ఆవిడ పక్క ఊరి ఆసుపత్రి నుంచి రక్తం తెస్తూ కారు ఎంత జోరుగా నడిపిందో, పోలీసు జీపు సైరన్ మోగిస్తూ వెంటపడింది. లోర్నా పక్క సీట్లో బాల్చీ ఒళ్లో పెట్టుకుని, ఇవాళ్టితో జైలే అనుకుంది. పోలీసాయన వంగి అద్దం తట్టాడు.

"ఎంత వేగంలో వస్తున్నారో తెలుసాండీ?"

"అది తర్వాత. మీరు ఆఖరున ఎప్పుడు తిన్నారు?"

"ఏమిటీ?"

"తిండి బాబూ, తిండి. ఎప్పుడు తిన్నారు?"

ఆయన తికమకపడి, "రాత్రి డ్యూటీ అండీ. సాయంత్రం తిన్నదే" అన్నాడు.

"కాఫీ?"

"ఫ్లాస్కు ఇంట్లో మర్చిపోయా."

థోరా లోర్నా వైపు తిరిగి, నిధి దొరికిన మొహంతో, "పరగడుపే!" అంది.

ఆ తర్వాత జీపు ముందు, కారు వెనక, సైరన్‌తో సహా ఆసుపత్రికి వచ్చారు. పోలీసాయన చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇచ్చి, నేలమాళిగలో టోస్టు తిని, జరిమానా సంగతి మర్చిపోయి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏటా ఒకసారి తనే వచ్చి ఇచ్చి వెళ్లేవాడు.

ఆవిడ దగ్గర అబద్ధం చెల్లేది కాదు. ఆసుపత్రి పాలనాధికారి డన్‌లప్ గారు ఒళ్లు తగ్గాలని ఉపవాసాలు మొదలుపెట్టి, అందరికీ ఉపన్యాసాలిస్తూ తిరిగేవాడు. ఒకరోజు లిఫ్టులో దొరికిపోయాడు.

"ఏం తిన్నారు?"

"ఆకుకూరలు, థోరా. వట్టి ఆకుకూరలు."

ఆవిడ ఆయన మీసం వంక చూసింది. కోటు వంక చూసింది. "ఆకుకూరల మీద పంచదార పొడి చల్లుకున్నారా?"

ఆయన మొహం బీట్‌రూటు ముక్కయింది. "ఒక్క డోనట్."

"ఒక్కటా?"

"మూడు. మా ఆవిడకి చెప్పకు."

థోరా తలాడించి తన అంతస్తులో దిగిపోయింది. తిండి దగ్గర అబద్ధమాడలేక ఆసుపత్రిలో అందరూ ఏదో ఒకరోజు ఆవిడ ముందు ఇలా ఒప్పుకున్నవాళ్లే. పంచదార జబ్బున్న పాస్టరుగారు కేకు సంగతి ఒప్పుకున్నాడు. మాంసం మానేశానని చాటుకున్న నర్సమ్మ సాసేజీల సంగతి ఒప్పుకుంది. లాబ్ పరీక్షల కోసం పెంచే కుందేళ్లకి మాత్రం దాచడానికి ఏమీ లేదు గాని, వాటినీ వదిలేది కాదు. "ఏమ్మా, క్యారెట్ ఎప్పుడు తిన్నావు?" అని వంగి అడిగేది.

లోర్నాకి ఆవిడంటే భక్తే. అయినా, ఆవిడ దృష్టంతా గొట్టాల మీదే, మనుషుల మీద లేదని ఒక చిన్న కొరత మాత్రం మనసులో ఉండేది. క్యాంటీన్లో స్నేహితురాళ్లతో, "మా డాక్టరుగారికి మనుషులంటే గొట్టాలకి తగిలించిన చీటీలు" అని నవ్వేది.

ఆ ఫిబ్రవరిలో డాఫిన్ అనే ఊరి నుంచి మైరన్ హవ్రిలుక్ అనే ఆయన వచ్చి పై అంతస్తులో చేరాడు. తేనెటీగలు పెంచుతాడు. ఉక్రేనియన్ల కుటుంబం. గుండ్రటి మొహం, కిందికి వాలిన మీసం, తిండంటే ప్రాణం. అలాంటివాడికి కడుపులో పుళ్లు. మాత్రలు వాడినా మానలేదు. ఒకసారి ఆపరేషన్ చేస్తే మళ్లీ వచ్చాయి. ఆయన ఊరి డాక్టరు రక్తం తీయించి పంపితే గ్యాస్ట్రిన్ అనే హార్మోను కాస్త ఎక్కువ ఉన్నట్టు తేలింది. కడుపుని ఆమ్లం వదలమని పురమాయించేది అదే. ఎక్కడో నక్కిన చిన్న గడ్డ ఏదైనా ఆ హార్మోన్ని రాత్రీ పగలూ చిమ్ముతుంటే కడుపు ఆమ్లంలో మునిగి పుళ్లు పడుతూనే ఉంటుంది. గడ్డ దొరక్కపోతే ఇక మిగిలేది ఒకటే దారి. కడుపు మొత్తం తీసేసి, గొంతు నుంచి వచ్చే గొట్టాన్ని తిన్నగా పేగుకి కుట్టెయ్యడం.

సర్జన్ హ్యూ మెకాస్కిల్ మంచివాడే. చెయ్యి చురుకు, మనసు మెత్తన. కాకపోతే తొందర. మైరన్ మంచం పక్కన నిలబడి, "ఇంకోసారి రక్తం చూస్తాం. అప్పుడూ ఎక్కువే వస్తే కడుపు తియ్యాల్సిందే, మిస్టర్ హవ్రిలుక్" అని చెప్పేశాడు.

రెండోసారి రక్తం తీశారు. లోర్నా కొలిచింది. మొదటిదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అనుమానంతో మళ్లీ కొలిచింది. అంతే. మెకాస్కిల్ ఆపరేషన్‌కి రోజు కూడా రాసుకున్నాడు.

థోరా మాత్రం ఆ అంకె చూసి పెదవి విరిచింది.

"మొదటి గొట్టం వాళ్ల ఊరి నుంచి వచ్చింది. ఎప్పుడు తిన్నాడో రాయలేదు. అది నాకు లెక్క కాదు. ఇది?"

"ఇది మన వార్డే కదండీ. రాత్రి నుంచి నోటికి ఏమీ ఇవ్వలేదని నర్సు రాసింది" అంది లోర్నా.

"నర్సు ఇవ్వలేదని రాసింది. ఆయన తినలేదని ఎవరు రాశారు? పద."

ఇద్దరూ పైకి వెళ్లారు. మైరన్ కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు.

"మిస్టర్ హవ్రిలుక్, మొన్న రక్తం తీసేముందు ఆఖరున ఎప్పుడు తిన్నారు?"

"రాత్రి డాక్టరమ్మా. సూప్ ఇచ్చారు. అది తిండనుకుంటే తిన్నట్టే."

"తర్వాత?"

"తర్వాత ఏముంటుంది?"

థోరా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఊరికే ఆయన వంక చూస్తూ ఉండిపోయింది. లోర్నా ఆ చూపు ముందు పాస్టర్లు కూలిపోవడం చూసింది. మైరన్ కాసేపు మీసం మెలేశాడు. కాసేపు దుప్పటి సర్దుకున్నాడు.

"నర్సమ్మకి తెలిస్తే నన్ను కిటికీలోంచి తోసేస్తుంది."

"నేను చెప్పను. ఏం తిన్నారు?"

"పెరోగీలు" అన్నాడు చిన్న గొంతుతో. "మా ఆవిడ పరాస్కా తెచ్చింది. ఈ ఊళ్లో వాళ్ల పిన్నిగారింట్లో ఉంటోంది, తెల్లారకముందే లేచి చేసి, మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. వంటింటి వైపు తలుపులోంచి. ఎవరో అడిగితే, ప్రార్థన చేయించడానికి వచ్చానందట."

"ఎన్ని తిన్నారు?"

"డబ్బా నిండా ఉన్నాయి."

"డబ్బాలో ఎన్ని మిగిలాయి?"

"డబ్బా మిగిలింది." ఆయన కళ్లు చెమర్చాయి. "కజ్జికాయల్లా మడిచి ఉడికించినవి. లోపల బంగాళదుంప, చీజ్. పైన వేయించిన ఉల్లిపాయలు, పుల్లటి మీగడ. సాసేజీ కూడా పెట్టింది. 'మైరన్, వాళ్లు నీ కడుపు తీసేస్తారంట. నీ సొంత కడుపుతో ఒక్కసారి నా చేతి వంట తిను' అని ఏడ్చింది. తినకుండా ఎలా ఉంటాను చెప్పండి?"

లోర్నాకి సంగతంతా అర్థమైంది. కడుపు నిండా తిన్నాక ఎవరికైనా గ్యాస్ట్రిన్ పెరగదా మరి! కడుపుకి వీడ్కోలు చెప్పిన ఆ భోజనమే దాన్ని కోయించబోతోంది.

థోరా అడగడం ఆపలేదు. "ఇంకేమైనా నోట్లో వేసుకున్నారా?"

"లేదు. మంచినీళ్లు తాగాను."

"దేనికి?"

"గుటక పడాలి కదా."

"ఏం గుటక?"

"నా నడుం బిళ్లలు."

థోరా కుర్చీలో ముందుకి వంగింది. "ఏం బిళ్లలు?"

మైరన్ దిండు కింద నుంచి పిప్పరమెంట్ల డబ్బా తీసి చూపించాడు. నిండా ఆస్పిరిన్.

"మందులేమైనా వాడుతున్నారా అని హ్యూ మిమ్మల్ని అడగలేదా?"

"అడిగారు. ఏమీ లేవన్నాను. ఇది మందేమిటండీ? మా ఊళ్లో కొట్లో చాక్లెట్ల పక్కనే అమ్ముతారు."

"రోజుకి ఎన్ని?"

"మామూలు రోజుల్లో కొన్ని. తేనెపెట్టెలు ఎత్తే రోజుల్లో ఓ గుప్పెడు. నడుం పట్టేస్తుంది డాక్టరమ్మా, ఆ పెట్టెలు ఎంత బరువో మీకు తెలీదు."

"ఎన్నాళ్లుగా?"

"పుళ్లు రాకముందు నుంచీ."

థోరా ఆ డబ్బా తీసుకుని కోటు జేబులో వేసుకుంది. ఎన్నేళ్లు కలిసి పనిచేసినా, ఆవిడ ఒక రోగి భుజం తట్టడం లోర్నా అప్పుడే చూసింది. "వీటిలో ఇక ఒక్కటి కూడా ముట్టుకోకండి. మీ నడుం సంగతి వేరే డాక్టరుకి అప్పజెబుతాను. ఎల్లుండి పొద్దున్న మళ్లీ రక్తం తీస్తాం. నిజంగా పరగడుపున."

కిందికి రాగానే మెకాస్కిల్‌కి ఫోను చేసింది.

"హ్యూ, కత్తి లోపల పెట్టు."

"మళ్లీ ఏమొచ్చింది, థోరా? రెండుసార్లూ ఎక్కువే వచ్చిందిగా!"

"రెండూ లెక్కలోకి రావు. మూడో పరీక్ష నేను చేస్తాను."

"ఎందుకు లెక్కలోకి రావు?"

"రాసి పంపిస్తాను. నువ్వెలాగూ చదవవనుకో."

మూడో పరీక్ష మామూలుది కాదు. సెక్రెటిన్ అని మరో హార్మోను ఉంది. దాన్ని నరంలోకి ఎక్కించి, కాసేపటికొకసారి రక్తం తీస్తూ పోవాలి. గడ్డ ఉంటే గ్యాస్ట్రిన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. పరీక్ష రోజు పొద్దున్న థోరా స్వయంగా మంచు బాల్చీతో మంచం పక్కన కాపలా కూర్చుంది. పరాస్కా రాకుండా చూసే పని లోర్నాకి పడింది.

పరాస్కా రానే వచ్చింది, అదే వంటింటి తలుపులోంచి. పొట్టిగా, గుండ్రంగా, తలకి పువ్వుల రుమాలు. చంకలో సంచీ. సంచీలోంచి ఉల్లిపాయల వాసన.

"ప్రార్థనకమ్మా" అంది లోర్నాని చూసి.

"ఇప్పుడు లోపల పరీక్ష జరుగుతోందండీ. మనం కాఫీ తాగుదాం రండి."

"నాకు కాఫీ వద్దు. మా ఆయన్ని చూడాలి."

"ఒక్క కప్పు."

"నువ్వేం తిన్నావు పొద్దున్నే? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. కూర్చో ఇక్కడ" అంటూ సంచీ విప్పింది పరాస్కా. పరీక్ష అయ్యేదాకా లోర్నా ఆమెని ఆపగలిగింది. ఆపిన తీరు మాత్రం, మైరన్ కోసం తెచ్చినవన్నీ తనే తినడం.

ఆ మర్నాడు అంకెలు వచ్చాయి. పరగడుపు అంకె అందరికీ ఉండేంతే. సెక్రెటిన్ ఎక్కించాక కూడా గ్రాఫులో గీత చాపలాగా పడుకునే ఉంది. గడ్డ లేదు, గుడ్డూ లేదు. ఆస్పిరిన్ గుప్పెళ్ల పుణ్యమే ఆ పుళ్లు.

మెకాస్కిల్ తన శిష్యగణంతో మంచం దగ్గరికి వచ్చాడు. థోరా, లోర్నా కూడా వచ్చారు. పరాస్కా సంచీ ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఆపరేషన్ లేదు, మిస్టర్ హవ్రిలుక్. ఆస్పిరిన్ మానెయ్యండి, ఈ మాత్రలు వేసుకోండి. మీ కడుపు మీదే" అన్నాడు సర్జన్.

మైరన్ రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు, పొరుగూరు పోయిన బిడ్డ ఇంటికొచ్చినట్టు. పరాస్కా శిలువ గుర్తు వేసుకుని ఏడ్చింది. ఏడుపు తుడుచుకున్నాక ఆమెకి అనుమానం వచ్చింది.

"మరి ఆ రెండోసారి రక్తంలో అంత ఎక్కువ ఎందుకొచ్చింది? ఆ రోజేగా కడుపు తీసెయ్యాలని రాసుకున్నారు?"

మెకాస్కిల్ థోరా వైపు తిరిగాడు. "నిజమే, థోరా. ఎందుకొచ్చింది?"

మైరన్ దుప్పటి వంక చూస్తున్నాడు. లోర్నా నోరు తెరవబోయింది. థోరా పరాస్కా ఒళ్లోని సంచీని చూసింది. దాన్ని పట్టుకున్న వేళ్లని చూసింది.

"మా లాబ్‌లో పొరపాటు జరిగిందండీ" అంది. "గొట్టం తేడా చేసింది. తప్పు మాదే."

థోరా ఐనార్సన్ లాబ్‌లో పొరపాటా! శిష్యగణంలో ఒకతను తను సరిగ్గా విన్నానా లేదా అని పక్కవాణ్ని చూశాడు. మెకాస్కిల్ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. పరాస్కా ఒక్కతే నమ్మింది. వెంటనే నమ్మింది.

"పొరపాటా! మీరు చేసిన పొరపాటుకి మా ఆయన కడుపు కోసేసేవాళ్లా?"

"అవునండీ. క్షమించండి."

వరండాలోకి వచ్చీరాగానే లోర్నా ఆగలేకపోయింది.

"డాక్టర్! ఆ గొట్టం కొలిచింది నేను. రెండుసార్లు కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. మన లాబ్‌లో పొరపాటేమిటి? ఆయన తిన్నాడని చెప్పచ్చుగా!"

"కాగితం మీద అదే రాశాను. పరగడుపు కాదు అని. హ్యూకి ఇప్పుడు వెళ్లి నోటితో కూడా చెప్తాను. అక్కడే చెప్పి ఉంటే అతని మొహం చూసి ఆమె పట్టేసేది."

"మరి అక్కడ ఎందుకలా అన్నారు?"

థోరా నడక ఆపింది. బాల్చీ లేకుండా ఆవిడ చేతులకి ఏం చెయ్యాలో తోచనట్టుంది, కోటు జేబుల్లో పెట్టుకుంది.

"ఆమె తెల్లారకముందే లేచి ఆ వంట చేసింది దేనికి? మొగుడు సొంత కడుపుతో ఒక్కసారి తినాలని. ఆ వంటే కడుపు తీయించబోయిందని తెలిస్తే మళ్లీ పొయ్యి ముట్టిస్తుందా? ముట్టించినా, వడ్డించే ప్రతిసారీ చెయ్యి వణుకుతుంది. అతనికి కడుపు మిగిల్చి తిండి పోగొడితే మనం చేసిందేముంది?"

లోర్నా వెనక్కి తిరిగి మైరన్ గది తలుపు వంక చూసింది.

"నీ కొలత తప్పని అన్నందుకు కోపంగా ఉందా?"

"ఉంది" అంది లోర్నా. తర్వాత మెట్లు దిగుతూ, "ఇప్పుడు కొంచెం తగ్గింది" అంది.

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో డన్‌లప్ గారు ఆకుకూరల గురించి ఉపన్యసిస్తుంటే వింటూ లోర్నా ఒక్కసారిగా చెంచా కింద పెట్టేసింది. లిఫ్టులో ఆయన ఒప్పుకున్న డోనట్ల సంగతి, ఆ రోజు తనూ అక్కడ ఉండబట్టి తనకి తెలిసింది. పాస్టరుగారి కేకూ, నర్సమ్మ సాసేజీలూ అంతే, పక్కన నిలబడి విన్నవే. తను లేనప్పుడు ఆవిడ ముందు ఇంకెంతమంది ఒప్పుకున్నారో! ఒక్కటంటే ఒక్కటి థోరా నోటి నుంచి ఎప్పుడూ విన్లేదు. అందరి కడుపులోనూ ఏముందో తెలిసిన మనిషి, తన కడుపులోంచి మాత్రం ఒక్క మాట బయటికి రానివ్వలేదు. గొట్టాలకి తగిలించిన చీటీలట! లోర్నాకి తన మీద తనకే నవ్వొచ్చింది.

ఏప్రిల్లో మంచు కరిగి వీధులన్నీ బురదైనప్పుడు లాబ్ తలుపు ఎవరో దబదబా బాదారు. పరాస్కా. రెండు చేతులతో పట్టుకున్న పెద్ద పళ్లెం, పైన తువ్వాలు. వెనకాల మైరన్, బుగ్గలు ఎర్రగా, తేనె సీసాలు చంకల్లో ఇరికించుకుని. పుళ్లు మానాయని మెకాస్కిల్ చెప్పి పంపించాడట.

"ఇదేనా ఆ లాబ్?" అంటూ పరాస్కా గదంతా కలియజూసింది. "ఇంత ఇరుకైతే పొరపాట్లు రాక ఏమొస్తాయి? ఆ గొట్టాలు చూడండి, అడవిలా ఉన్నాయి! ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

"చీటీలుంటాయండీ" అంది లోర్నా.

"చీటీలుంటే ఎందుకు తప్పుతుంది? నువ్వు సరిగ్గా చూసి ఉండవు. ఆ రోజు పొద్దున్న కూడా చూశాను, ఆకలితో నకనకలాడుతున్నావు. ఆకలిగా ఉన్న పిల్లకి అంకెలు ఎలా కనిపిస్తాయి?"

లోర్నా థోరా వైపు చూసింది. థోరా గోడ వైపు చూసింది. మైరన్ తేనె సీసాల మూతల్ని చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. ఆయన మెడ కూడా ఎర్రబడింది.

"మీరూ అంతే డాక్టరమ్మా. తాటిచెట్టంత మనిషి, ఒంటిమీద పిడికెడు కండ లేదు. కూర్చోండి ఇద్దరూ." పరాస్కా బల్ల మీది గొట్టాల స్టాండు మోచేత్తో పక్కకి నెట్టింది. ఆ స్టాండుని ముట్టుకున్నందుకు ఒక ప్రొఫెసరు బతికుండగానే సగం చచ్చాడు. ఈసారి థోరా తనే దాన్ని ఇంకాస్త జరిపి చోటు చేసింది. తువ్వాలు తీయగానే క్యాబేజీ ఆకుల్లో అన్నం, మాంసం చుట్టి వండిన హోలుబ్చీల ఆవిరి గదంతా కమ్మేసింది. పక్కనే పెరోగీల గుట్ట.

"మా ఆయనకి నేను పెట్టే తిండిలో ఎప్పుడూ ఏ లోపం ఉండదు" అంది పరాస్కా వడ్డిస్తూ. "ఎన్నేళ్లు పెట్టానో! ఒక్కనాడు అరక్కపోవడం లేదు. మీరు గొట్టాలు సరిగ్గా కడుక్కుంటే మీకే పొరపాట్లూ రావు. వేడినీళ్లతో కడగాలి. ఇద్దరూ వింటున్నారా?"

"వింటున్నామండీ" అంది లోర్నా, నోటినిండా పెరోగీతో.

"ఇకనైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చెయ్యండి. మనుషుల కడుపులతో ఆటలా?"

"తప్పేనమ్మా. ఇకమీదట జాగ్రత్తగా ఉంటాం" అని థోరా ఐనార్సన్ బుద్ధిగా తల వంచి, ఖాళీ పళ్లెం ముందుకి జరిపింది.

"ఇంకో రెండు వెయ్యనా?"

"నాలుగు వెయ్యండి."